తొక్కిసలాటకు ముందే తేలాల్సిన ధర్మం

ఐలాండ్ పోలవరమే వాడుకలో ఐ.పోలవరం అయింది. కోనసీమలోని ఈ లంకకు ఒకవైపు గోదావరి పాయ గౌతమి, మరోవైపు వృద్ధ గౌతమి. ఇక్కడ రైలు పట్టా లేదు. అమలాపురంలో లేదు, రాజోలులో లేదు, కొత్తపేటలో లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఇక్కడి కుర్రాడు సంక్రాంతికి ఇల్లు చేరాలంటే గౌతమి ఎక్స్‌ప్రెస్సో, ఏదో ఒక స్పెషలో పట్టుకుని రాజమండ్రిలోనో, సామర్లకోటలోనో, కాకినాడలోనో దిగాలి. అక్కణ్ణుంచి బస్సెక్కి, యానాం మీదుగా బాలయోగి వారధి దాటి ఎదుర్లంక రావాలి. పండగయ్యాక మళ్లీ అదే దారిన వెనక్కి. ఒక్క కోనసీమేమిటి, గోదావరికి అటూ ఇటూ ఉన్న జనమంతా ఆ రెండు మూడు రాత్రుల్లో అవే నాలుగైదు స్టేషన్ల మీద పడతారు. రైలు లేని ఈ సీమవాళ్లకు రైల్వేస్టేషన్ రద్దీ ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు.

ఈ రద్దీలో ఒక విచిత్రముంది. సంక్రాంతి ఎప్పుడొస్తుందో పంచాంగం తెరవకుండానే అందరికీ తెలుసు. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరు 1కి ముందైతే 120 రోజులుండేది. మొదలైన కాసేపటికే బెర్తులు అయిపోయి వెయిటింగ్ లిస్టు పెరుగుతుంది. అంటే ఏ రాత్రికి ఎంత తాకిడి ఉండబోతోందో రైల్వే కంప్యూటర్‌కు రెండు నెలల ముందే తెలుసు. తీరా ఆ రాత్రి వచ్చేసరికి ప్లాట్‌ఫాం మీద వినపడేది ఒక్కటే: తోసుకోవద్దు, సహకరించండి. ధర్మం గురించి మనం మాట్లాడటం మొదలుపెట్టేది సరిగ్గా అక్కడే, అదీ ప్రయాణికుడితోనే. కానీ రద్దీలో ఎవరి ధర్మం ఎంత అన్న లెక్క టికెట్ అమ్మిన రోజునే, మెట్లు కట్టిన రోజునే తేలాలి. అక్కడ తేల్చకుండా వదిలేసి తొక్కిసలాటలో తేల్చబోతే, ఆ లెక్క ప్రతిసారీ బలహీనుడి పద్దులోనే పడుతుంది.

ఒక మూట, 18 ప్రాణాలు

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్ మహాకుంభమేళాకు వెళ్లే జనంతో నిండిపోయింది. 14, 15 ప్లాట్‌ఫాంల దగ్గరి మెట్ల మీద జరిగిన తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ‘ప్రయాగ్‌రాజ్’ పేరుతోనే ఉన్న రెండు రైళ్ల ప్రకటనలు జనాన్ని తికమక పెట్టాయని పోలీసులు అప్పట్లో చెప్పారు. తర్వాత రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ రాజ్యసభకు ఇచ్చిన సమాధానం ప్రకారం, ఒక ప్రయాణికుడి నెత్తి మీది పెద్ద మూట జారిపడింది. దాంతో మెట్ల మీద ఒకరిపై ఒకరు పడిపోయారు.

ఆ సమాధానంలో అబద్ధం లేకపోవచ్చు. కానీ మూటలున్నవాళ్లు రైల్వేస్టేషన్‌కు రాకపోతే ఇంకెక్కడికి వస్తారు? ఒక మూట పడినంత మాత్రాన 18 మంది చనిపోయేంతగా ఆ మెట్లు ఎందుకు కిక్కిరిశాయన్నది అసలు ప్రశ్న. ఆ రోజు జనరల్ టికెట్లు మామూలు కన్నా వేల సంఖ్యలో ఎక్కువ అమ్ముడయ్యాయని రైల్వే శాఖే పార్లమెంటుకు చెప్పింది. అమ్మిన చేతికి తెలుసు, మోసిన మెట్లకు తెలియదు.

ఇది మొదటిసారీ కాదు. 2013 ఫిబ్రవరి 10న కుంభమేళా నుంచి తిరుగు ప్రయాణంలో అలహాబాద్ స్టేషన్‌లో 36 మంది పోయారు. 2017 సెప్టెంబరు 29న ముంబైలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో వాన కురుస్తున్న వేళ ఇరుకు వంతెన మెట్ల మీద 23 మంది నలిగిపోయారు. ఊళ్లు వేరు, ఏళ్లు వేరు, కారణం మాత్రం అదే. ఒక్క దారి, ఆ దారి పట్టలేనంత మంది.

మన గోదావరి దగ్గరికొస్తే తేదీ కూడా ఒకటే అయింది. 2015 జూలై 14న పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే రాజమండ్రి పుష్కరఘాట్‌లో 27 మంది చనిపోయారు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో నాటుపడవ బోల్తాపడింది. బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న విద్యార్థినులు సహా ఏడుగురు గల్లంతయ్యారు.

పశువుల్లంక సంగతి కాస్త దగ్గరగా చూడాలి. అక్కడ నది మీద వంతెన కడుతున్నారు. పూర్తికాలేదు కాబట్టి పిల్లలు పడవెక్కారు. ఆ పడవ వెళ్లి గుద్దుకున్నది సగం కట్టిన ఆ వంతెన స్తంభాన్నే. పడవలో జనం ఎక్కువయ్యారని పడవవాణ్ణి అనొచ్చు. లైఫ్ జాకెట్లు వేసుకోలేదని ఎక్కినవాళ్లనూ అనొచ్చు. కానీ బడి వదిలే వేళకు రేవులో ఎంతమంది పిల్లలు నిలబడతారో ఊరికి తెలుసు, బడికి తెలుసు, మండలాఫీసుకూ తెలుసు. ఆ లెక్కకు తగ్గ పడవలు పెట్టడం రేవులో నిలబడ్డ పదో తరగతి పిల్ల పని కాదు.

నింద ఎటు జారుతోంది?

రాజమండ్రి దుర్ఘటన మీద జస్టిస్ సి.వై.సోమయాజులు కమిషన్ విచారణ జరిపింది. పుష్కర ముహూర్తం గురించి సాగిన విపరీత ప్రచారాన్నీ, ఆ ఘడియలోనే మునగాలన్న జనం గుడ్డి నమ్మకాన్నీ నివేదిక ప్రధానంగా వేలెత్తి చూపింది. ప్రచారం నిజమే, నమ్మకమూ నిజమే. కానీ ప్రచారం చేయించినవారెవరు? కోట్ల మందిని రండి రండి అని పిలిచి, వచ్చాక ఎందుకొచ్చారని అడగడం ఏ ధర్మం కిందికి వస్తుంది?

జనసమ్మర్దాన్ని శాస్త్రీయంగా చూసేవాళ్లు చెప్పే మాట వేరు. చదరపు మీటరులో ఐదారుగురికి మించి నిలబడ్డాక మనిషికి తన అడుగు మీద తనకు అదుపుండదు. వెనక ఒకరు కదిలితే ఆ ఒత్తిడి ముందు వరసల దాకా వెళ్తుంది. వెనకవాడికి ముందేం జరుగుతోందో కనపడదు, ముందువాడు అరిచినా వెనక్కి వినపడదు. చాలామంది కాళ్ల కింద పడి కాదు, నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోతారు. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, ఇటేవాన్ ఇరుకు సందులో 159 మంది అలాగే పోయారు. వాళ్లలో ఎక్కువమంది చదువుకున్న యువతే. కాబట్టి మనవాళ్లకు క్రమశిక్షణ లేదు, అందుకే ఇలా జరుగుతోందన్న వాదన నిలవదు. ఆ స్థితికి చేరాక క్రమశిక్షణ ఉన్నవాడూ లేనివాడూ ఒక్కటే.

కోనసీమ రైతుకు ఈ సంగతి శాస్త్రవేత్త చెప్పకపోయినా అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువల వెంట ఈ లంకల దాకా వచ్చాయి. ఏ కాలువా తనంతట తాను ఓర్పుగా పారలేదు. ఎక్కడికక్కడ లాకులు కట్టి, పైన ఎంత వదలాలో కింద చూసుకుని తలుపులెత్తారు. గట్టు తెగితే నీటిని తిట్టినవాడు లేడు, లాకు దగ్గర ఎవరున్నారని అడిగారు. స్టేషన్ గుమ్మంలో, వంతెన మొదట్లో, ఘాట్‌కు వెళ్లే వీధి మలుపులో జనానికి అలాంటి లాకులే కావాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే జనసమూహాల నిర్వహణ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తెలియక జరుగుతున్న తప్పులని ఇక అనడానికి లేదు.

చట్టంలో ఉన్న అంకె

1989 రైల్వే చట్టంలో 57వ సెక్షన్ అని ఒకటుంది. ఒక్కో కంపార్ట్‌మెంటులో గరిష్ఠంగా ఎందరు ప్రయాణించవచ్చో రైల్వేలు నిర్ణయించాలి. ఆ సంఖ్యను పెట్టె లోపలో బయటో అందరికీ కనపడేలా హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ప్రాంతీయ భాషలోనూ రాసి పెట్టాలి. న్యూఢిల్లీ ఘటన తర్వాత దాఖలైన పిటిషన్‌పై 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్‌నే గుర్తుచేసింది. సంఖ్య నిర్ణయించి ఉన్నప్పుడు అంతకు మించి టికెట్లు ఎందుకు అమ్ముతున్నారని అడిగింది.

జనరల్ బోగీలో సీట్లు 90 నుంచి 100. సంక్రాంతి రాత్రి అందులో అంతకు ఎన్ని రెట్ల మంది ఉంటారో ఎక్కినవాళ్లను అడిగితే చెబుతారు. అంకె గోడ మీద ఉంటుంది, జనం ఆ అంకె మీదే వీపు ఆనించి నిలబడతారు. జనరల్ టికెట్టుకు సీటు హామీ లేదన్నది నిజమే. అయితే ఊపిరి పీల్చుకునే చోటుకు కూడా హామీ లేదని చట్టంలో ఎక్కడా రాయలేదు. బస్సు కండక్టరు ఎక్కువమందిని ఎక్కిస్తే ఆపి జరిమానా వేసే వ్యవస్థ ఉంది. పడవకు ఇంతమందే అని నియమం పెట్టారు. ప్రభుత్వమే నడిపే రైలు దగ్గరికి వచ్చేసరికి పరిమితి అనేది అలంకారమైపోయింది.

వరుస తప్పిన ధర్మాలు

భారతంలో భీష్ముడు అంపశయ్య మీద నుంచి ధర్మరాజుకు చేసిన బోధ శాంతిపర్వంలో వస్తుంది. ముందు రాజధర్మం చెబుతాడు, తర్వాత ఆపద్ధర్మం, చివర మోక్షధర్మం. ఈ వరుస ఊరికే రాలేదు. పాలించేవాడు తన పని చేయడం మొదటి మెట్టు. దిక్కుతోచని వేళ మామూలు నియమాన్ని సడలించుకునే వెసులుబాటు ఆ తర్వాతది. మన స్టేషన్లలో ఈ వరుస తప్పింది. రాజధర్మం పక్కకు పోయింది, ప్రయాణికుడికి రోజూ ఆపద్ధర్మమే గతి అయింది.

కనుమ వెళ్లిన మర్నాటి రాత్రి స్లీపర్ బోగీలోకి తొంగి చూడండి. కాకినాడలో ఎక్కిన ఆయనకు కింద బెర్తు. రెండు నెలల ముందు కొనుక్కున్నాడు, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలి. రాజమండ్రిలో ఒకామె చంటిబిడ్డతో ఎక్కింది. చేతిలో కౌంటర్లో కొన్న వెయిటింగ్ లిస్టు టికెట్టు. “కాస్త కూర్చోనివ్వండి బాబూ, విజయవాడలో చూసుకుంటాం” అంటుంది. చట్టం ప్రకారం ఆమె ఆ బోగీలో ఉండకూడదు. లోకం ప్రకారం ఆమెను దింపేసేవాడు మనిషి కాదు. ఆయన కాళ్లు ముడుచుకుని చోటిస్తాడు. ఇలాంటి సర్దుబాట్లు ఆ రాత్రి ప్రతి పెట్టెలో వందల్లో జరుగుతాయి.

ఆయన చేసినది ధర్మమే. సందేహం లేదు. అయితే ఆ ధర్మాన్ని రైల్వేలు తమ సామర్థ్యంలో కలిపేసుకుంటున్నాయి. లేని బెర్తుకు టికెట్ అమ్మి, డబ్బు తీసుకుని, మిగతాది ప్రయాణికుల మంచితనానికి వదిలేస్తున్నాయి. సర్దుకుపోయే గుణం మనవాళ్లకుంది కాబట్టే అదనపు పెట్టెలు తగిలించాల్సిన తొందర ఎవరికీ లేదు. ఒకరి ఔదార్యం మరొకరి బాధ్యతకు బదులుగా వాడకంలోకి వచ్చాక, అది ఔదార్యంగా కూడా మిగలదు. నిద్ర లేక విసిగిన ఆ మనిషి మరుసటి ఏడాది కాళ్లు ముడుచుకోడు. అప్పుడు మనుషుల్లో ధర్మం నశించిందని మనమే బాధపడతాం.

ప్రయాణికుడి వైపు తప్పే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. జనరల్ బోగీ తలుపు దగ్గర జరిగేది అందరికీ తెలుసు. కిందున్నంతసేపూ “జరగండి బాబూ, కాస్త సర్దుకోండి” అన్నవాడే, లోపలికి దూరగానే తలుపుకు అడ్డంగా నిలబడి “ఖాళీ ఎక్కడుందండీ, ముందు పెట్టె చూసుకోండి” అంటాడు. అదే రైల్వే చట్టంలోని 155వ సెక్షన్ రిజర్వు చేసిన చోటులోకి చొరబడటాన్ని నేరమంటుంది. రిజర్వు కాని చోటులోకి వచ్చేవాణ్ణి అడ్డుకోవడాన్నీ నేరమే అంటుంది. చోటు దొరికినవాడికి బాధ్యత ఉందని ఒప్పుకున్న చట్టమది. అయితే గరిష్ఠ సంఖ్యను రైల్వేలే పాటించనప్పుడు, తలుపు దగ్గరి మనిషికి ఈ సెక్షన్ చదివి వినిపించే నైతిక బలం ఎవరికుంది?

కోనసీమకు తెలిసిన పద్ధతి

జనం ఎక్కువైతే గందరగోళం తప్పదనేవాళ్లు కనుమ నాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు రావాలి. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. వాటికి కట్టిన రోడ్డంటూ ప్రత్యేకంగా లేదు. కొన్ని ప్రభలు కౌశిక కాలువ నీళ్లలోంచి వస్తాయి. ఎత్తైన ప్రభ ఒరిగిపోకుండా పీకల్లోతు నీళ్లలో భుజాలు మార్చుకుంటూ మోస్తారు. పచ్చని చేలలోంచి ప్రభ వెళ్తుంటే రైతు అడ్డుచెప్పడు. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చినప్పుడు అప్పటికే చేరిన మిగతా ప్రభలను ఒక్కసారి పైకి లేపి గౌరవిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

అక్కడికొచ్చేదీ ఇదే జనం. రెండు రోజుల తర్వాత రాజమండ్రి స్టేషన్‌లో తోసుకునేదీ వీళ్లే. తీర్థంలో ఎవరు ముందు, ఎవరు వెనక, ఏ ప్రభ ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగాలో తరాలుగా తేలిపోయి ఉంది. రావడానికి పది దార్లున్నాయి, నిలబడటానికి తోట నిండా చోటుంది. స్టేషన్‌లో దారి ఒక్కటే, ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో చివరిదాకా తెలియదు, ఆగేది రెండు నిమిషాలు. మనిషి మారలేదు, ఏర్పాటు మారింది.

ఐ.పోలవరం మండలంలోని మురమళ్లకు వీరేశ్వరస్వామి నిత్యకల్యాణంతో ఎంత పేరో, సంక్రాంతి కోడిపందేలతోనూ అంతే పేరు. చట్టం కూడదన్న ఆ బరుల దగ్గర గ్యాలరీలు వెలుస్తాయి, ఎల్‌ఈడీ తెరలు వేలాడతాయి, కార్లు నిలిపే చోటు సిద్ధమవుతుంది. చట్టబద్ధంగా టికెట్ కొన్నవాడికి మాత్రం కాలు మోపే చోటుండదు. లాభం కళ్లకు కనపడినచోట రద్దీని సంభాళించడం మనకు బాగానే చేతనవుతోందన్నమాట.

లాభం చూసుకోకుండా ఆ పని చేసిన మనిషి కూడా ఈ సీమలోనే ఉండేది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. ఏ పూట ఎందరొస్తారో ఆమెకు ముందుగా తెలిసే వీల్లేదు. ఈనాడు ఆమె పేరు వైనతేయ మీది అక్విడక్టుకుంది, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఉంది. ఎందరొస్తారో తెలియని ఒక ఇల్లాలు సిద్ధంగా ఉంది. 60 రోజుల ముందు లెక్క చేతికందిన వ్యవస్థ సిద్ధంగా లేదు. ఆమె పేరు పెట్టుకోవడం కన్నా ఆమె పద్ధతి నేర్చుకోవడం ముఖ్యం.

రాని రైలు కూడా రద్దీయే

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైను పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఊడబెరికి తీసుకుపోయారు. 45 కిలోమీటర్ల ఆ లైను తిరిగి 2004లో గానీ ప్రాణం పోసుకోలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకర్ అయిన జి.ఎం.సి.బాలయోగి పట్టుబట్టి సాధించిన ప్రాజెక్టుల్లో అది ఒకటి. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి, రాష్ట్రం తన వాటా 25 శాతం ఇవ్వాలి. భూమి, నిధులు, వాటాలు అంటూ పాతికేళ్లు గడిచాయి.

దీన్ని కోనసీమ వెనుకబాటు కథగానే చూస్తున్నాం. కానీ ఇది రాజమండ్రి, సామర్లకోట ప్లాట్‌ఫాంల కథ కూడా. అమలాపురంలో రైలెక్కగలిగినవాడు రాజమండ్రి వంతెన మెట్ల మీద నిలబడడు. పూర్తికాని ప్రతి లైనూ ఉన్న స్టేషన్ నెత్తిన బరువే. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ తెరవడంతో సికింద్రాబాద్‌కు కాస్త ఊరట దొరికింది. బయల్దేరే చోట దారులు పెంచితే సరిపోదు, చేరే చోటా పెరగాలి.

పుష్కరాలకు ముందు

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. న్యూఢిల్లీ దుర్ఘటన తర్వాత 2025 మార్చిలో రైల్వే శాఖ కొన్ని నిర్ణయాలు ప్రకటించింది. 60 స్టేషన్లలో జనాన్ని ఆపి ఉంచే శాశ్వత ప్రాంగణాలు, 73 స్టేషన్లలో ప్రవేశ నియంత్రణ, వెడల్పైన పాదచారుల వంతెనలు, స్టేషన్ సామర్థ్యాన్ని బట్టి టికెట్ల అమ్మకాన్ని నియంత్రించే అధికారం స్టేషన్ డైరెక్టర్‌కు. ఇవి సరైన దారిలో వేసిన అడుగులే. అయితే పుష్కర యాత్రికుడు పెద్ద స్టేషన్లలోనే దిగడు. నిడదవోలు, సామర్లకోట, నరసాపురం, పాలకొల్లు లాంటి చోట్లా దిగుతాడు. ఆ ఏర్పాట్లు అక్కడికీ రావాలి. జనరల్ పెట్టెలు పెంచాలి. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫాం మార్చడం పూర్తిగా మానాలి. ఒకే పేరుతో రెండు రైళ్లను పక్కపక్కన నిలబెట్టకూడదు. పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలుగులో ముందే చెప్పాలి.

ధర్మం తెలిసినవాళ్లుగా గౌరవం పొందేవారికీ పని ఉంది. పుష్కరం పన్నెండు రోజులు. కోటిపల్లిలో, మురమళ్లలో, అప్పనపల్లిలో, అంతర్వేదిలో పారేదీ అదే గోదావరి. తొలి ఘడియ, ఫలానా ఘాట్ అన్న పట్టింపు అక్కర్లేదని, ఏ రోజు ఏ రేవులో మునిగినా పుణ్యం ఒకటేనని పీఠాధిపతులు, పంచాంగకర్తలు ఇప్పటినుంచే గట్టిగా చెప్పాలి. టీవీ చానళ్లు ముహూర్తానికి కౌంట్‌డౌన్ పెట్టడం మానాలి. ప్రముఖులు జనం వెళ్లే ఘాట్ వైపు రాకపోవడమే వాళ్లు చేయగల పుణ్యకార్యం. ప్రయాణికుడు కూడా రోజు మార్చుకోగలిగితే మార్చుకోవాలి, మూట తగ్గించుకోవాలి, తలుపు దగ్గర తానెక్కిన క్షణాన్ని మర్చిపోకూడదు.

అన్నిటికన్నా ముందు ఒక కాగితం కావాలి. ఏ స్టేషన్, ఏ వంతెన, ఏ ఘాట్ గంటకు ఎందరిని మోయగలదో రాసి, దాని కింద ఒక అధికారి సంతకం చేసి, పుష్కరాలకు ఆర్నెల్ల ముందే అందరి ముందూ పెట్టాలి. ఆ సంఖ్య దాటి టికెట్ అమ్మినా, జనాన్ని పిలిచినా, మొదటి ప్రశ్న ఆ సంతకానికే పడాలి. ప్రాణాలు పోయాక కమిషన్ వేసి జనం నమ్మకాల మీద నివేదిక రాయించుకునే పద్ధతి అక్కడితో ఆగిపోతుంది. ఆ కాగితం పెట్టిన ప్రభుత్వానికి, క్యూలో నిలబడమని ప్రయాణికుణ్ణి అడిగే హక్కుంటుంది. పెట్టని ప్రభుత్వం ధర్మం గురించి మాట్లాడకుండా ఉండటమే మర్యాద.